మోకాళ్ళ దగ్గర ఆగిన చాప

ఫాలెఫూనా ఊరు, సవాయీ దీవి, సమోవా
1996 ఆగస్టు 4, ఆదివారం

చిరంజీవి మోయెలాంగికి మీ అమ్మమ్మ ఫువాటీనో ముద్దులు పెట్టి రాసేది.

ముందు నీ ఒంట్లో ఎలా ఉంది? కడుపునొప్పి నిజంగా తగ్గిందా, తగ్గిందని నాకు చెబుతున్నావా? కుడివైపు పన్ను పీకించావా, ఉంచావా? నీ గదిలో ఉండే లితియానాకు దగ్గు ఎలా ఉంది? ఆ పిల్ల దగ్గితే నువ్వు గోడవైపు తిరిగి పడుకో, కాని తిరిగినట్టు తెలియనివ్వకు, నొచ్చుకుంటుంది. మీ సలానియేతా మేడమ్ గారు మెట్ల మీద జారారని రాశావు, మడమ అతుక్కుందా? మీ హాస్టల్ గేటు దగ్గర ముసలాయనకు చూపు ఎలా ఉంది? చూపు లేనివాడిని కావలి ఎలా పెట్టారో నాకు అర్థం కాదు. నీ గొడుగు బాగుందా?

ఇక్కడ అందరం క్షేమమే అనుకో. మీ తవీతా మామయ్యకు కాలి బొటనవేలు మళ్ళీ వాచింది. ఆదివారాలు పందిమాంసం ముట్టవద్దన్నాడు డాక్టరు. చెప్పినట్టే ఆదివారం ముట్టడం లేదు, మిగతా ఆరు రోజులూ తింటున్నాడు. నల్లపంది ఈనింది, తొమ్మిది పిల్లలు. ఎనిమిది హుషారుగా ఉన్నాయి. తొమ్మిదోది ఆకు కదిలినా ఉలిక్కిపడుతోంది. నా దగ్గర ఎక్కువగా తిరగనిచ్చాను, అదే తప్పేమో. నాకేమీ లేదు. గుండెదడ ఉంది గాని అది పదేళ్ళప్పటి నుంచీ ఉన్నదే, దాన్ని జబ్బులో కలపను.

ఇక విషయం. నీ ఉత్తరం వచ్చి ఏడు వారాలు. పడవ టికెట్లు చింపే ఆయన కూతురు సువా నుంచి మొన్న వచ్చింది. "మోయెలాంగి ఎలా ఉందే?" అంటే, "చాలా శుభ్రంగా ఉంది బామ్మా. సాక్సులు కూడా ఇస్త్రీ చేస్తోంది" అంది. అది విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఏదో రాయాల్సింది ఉన్నప్పుడు ఎవరమ్మా సాక్సులు ఇస్త్రీ చేస్తారు? నీ పెద్ద వ్యాసం ఎంతవరకు వచ్చింది? అది ఇస్తేనే గదా పట్టా.

నీ పట్టా రోజుకు తల నుంచి పాదాల దాకా నీ అంత పొడుగు సన్నచాప అల్లుతున్నానని నీకు తెలుసు. నువ్వు సువా పడవ ఎక్కిన వారమే మొదలుపెట్టాను. నాలుగేళ్ళు పడితే పట్టిందిలే, బట్టలా మెత్తగా వచ్చింది. అంచుకు ఎర్ర ఈకలు కుట్టడం ఒక్కటే మిగిలింది. మన మహిళా కమిటీ అధ్యక్షురాలు లానువోలా రోజూ అడుగుతుంది, "చాప చూపించవే, నువ్వు నేత సావిడికి తేకుండా ఇంట్లోనే అల్లడమేమిటి?" అని. నువ్వు వచ్చిన రోజు ఊరంతా ఆ చాప పట్టుకుని ఊరేగాలి గదా, అప్పుడే చూద్దువుగాని అన్నాను.

కడుపు నిండా తిను. మరీ నిండా వద్దు.

మీ అమ్మమ్మ
ఫువాటీనో

*

సువా, ఫిజీ
1996 ఆగస్టు 19

ప్రియమైన అమ్మమ్మకు,

నేను బాగున్నాను. పన్ను బాగుంది, మేడమ్ మడమ బాగుంది, గొడుగు బాగుంది, లితియానా దగ్గు కూడా బాగుంది, అంటే దగ్గు బలంగా ఉంది. గేటు ముసలాయన మొన్న నన్ను "రా బాబూ" అన్నాడు.

సాక్సుల సంగతి నిజమే. ఇక్కడ తేమ ఎక్కువ.

వ్యాసం దాదాపు అయిపోయింది. ముగింపు ఒక్కటే మిగిలింది. దేని మీదో నీకు చెప్పలేదు కదా. చదువుకునే పిల్లలు రాయాల్సినవి ఎందుకు వాయిదా వేస్తారు, వాళ్ళ స్వభావానికీ మనసులోని బెంగకూ దానితో ఏం సంబంధం, దానివల్ల మార్కులు ఎలా పోతాయి, ఇదీ విషయం. నవ్వకు.

ఇక్కడ నూరుమంది విద్యార్థుల చేత ప్రశ్నల కాగితాలు నింపించాను. వాళ్ళ పక్కన పెట్టి చూడడానికి బడి చదువు లేని పెద్దవాళ్ళు ఇరవైమంది కావాలన్నారు మేడమ్. అందుకని ఇరవై కాగితాలు పంపుతున్నాను, మన భాషలోకి నేనే మార్చి రాశాను. నేత సావిడిలో ఆడవాళ్ళకు ఇవ్వు. ఒక్కొక్కరూ వాళ్ళ మనసులో ఉన్నది వేయాలి. 'ఎప్పుడూ కాదు' అయితే ఒకటి, 'ఎప్పుడూ ఇంతే' అయితే అయిదు, మధ్యలో అయితే మధ్య అంకె. అంతే.

నవంబరు పదిహేను సాయంత్రం అయిదింటిలోగా వ్యాసం ఇవ్వాలి. ఇవ్వకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, పట్టా ఉండదు, నాలుగేళ్ళ తర్వాత ఉత్త చేతులతో ఇంటికి రావాలి. కాని ఆ భయం ఏమీ లేదు, చెప్పాను కదా, ముగింపు ఒక్కటే.

నీ చాప అయిపోవచ్చిందని చదివి చాలా సంతోషం వేసింది. ఎక్కువసేపు కూడా వేసింది.

నీ మోయెలాంగి

*

ఫాలెఫూనా, సవాయీ
1996 సెప్టెంబరు 8, ఆదివారం

చిరంజీవి మోయెలాంగికి అమ్మమ్మ రాసేది.

నీ కాగితాలు అందాయి. నింపాం. ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. ఎలా నింపామో చెబుతాను, అంతా సవ్యంగానే జరిగిందని నా నమ్మకం. కాని నా నమ్మకాన్ని నేనెప్పుడూ నమ్మను, నువ్వే చూసి చెప్పు.

కాగితాలు సావిడికి తీసుకెళ్ళాను. తలా ఒకటి పంచబోతుంటే లానువోలా, "ఆగు, విశ్వవిద్యాలయం వాళ్ళు మన ఊరిని అడిగారు. ఊరిని అడిగితే ఊరు చెప్పాలి గాని ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారా?" అంది. నిజమే గదా అనిపించింది. కమిటీ కూర్చుంది. పాస్టరమ్మ ప్రార్థన చేసింది. లానువోలా కళ్ళజోడు పెట్టుకుని మొదటి ప్రశ్న చదివింది.

"చేయవలసిన పనిని రేపటికి వాయిదా వేస్తాను."

"అయిదు!" అంది సులుఫైంగా, పడుకునే ఉండి.

"ఏమిటే అయిదు? ఈ కాగితం ఫిజీ వెళుతుంది. పక్క ఊరి పిల్ల కూడా అక్కడే చదువుతోంది."

"అయితే నాలుగు వెయ్యి."

"సోమరితనం పాపం. నాలుగైనా అయిదైనా పాపమే" అంది పాస్టరమ్మ.

"మరి మీ ఇంటి వెనక కంచె ఎప్పటినుంచి పడి ఉందమ్మా?" అంది సులుఫైంగా.

అక్కడ గొడవ అయింది. ఈలోగా భోజనం వేళ అయింది. మొదటి ప్రశ్నను గురువారానికి వాయిదా వేశాం. గురువారం వాన. శనివారానికి పెట్టుకున్నాం, శనివారం పెళ్ళి. చివరికి తర్వాతి మంగళవారం అందరం కూర్చుని, పనిని ఎప్పుడూ వాయిదా వేయం అని ఏకగ్రీవంగా తేల్చి ఒకటి వేశాం.

తర్వాత త్వరత్వరగా సాగింది. "పని మొదలుపెట్టాలంటే కడుపులో తిప్పినట్టు ఉంటుంది." లేదు, ఒకటి. "మొదలుపెట్టింది పూర్తి చేస్తాను." అయిదు, చప్పట్లు కూడా కొట్టారు. "కారణం లేకుండా భయపడతాను." ఇక్కడ అందరూ నావైపు చూశారు. నేను మొగలి ఆకులవైపు చూశాను. "మన ఊళ్ళో భయమేమిటి?" అని లానువోలా ఒకటి వేసింది.

ఇరవై కాగితాల్లోనూ అదే జవాబు ఆమె తన చేతిరాతతో నింపింది, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి చూడు. ఇరవైమందిమీ సంతకాలు పెట్టాం. ప్రతి కాగితానికీ కమిటీ ముద్ర కూడా వేశాం. ఎర్ర రిబ్బను సులుఫైంగా ఇచ్చింది.

ఒక్క మాట. భయం ప్రశ్న దగ్గర నేనొక్కదాన్నీ అయితే వేరే అంకె వేసేదాన్నేమో. కాని ఊరి పరువు ముందు నా దడ ఎంత?

నీ ముగింపు అయిందా? ఉత్తరంలో 'ఎక్కువసేపు కూడా వేసింది' అని రాశావు, సంతోషం అంతసేపు వేస్తే ఒంట్లో బాగోలేదేమో అని నా బెంగ.

మీ అమ్మమ్మ

*

సువా
1996 సెప్టెంబరు 21

అమ్మమ్మా,

కాగితాలు చూసి మేడమ్ కుర్చీలో కూర్చున్నారు. తర్వాత టేబుల్ మీద తల పెట్టుకున్నారు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నారనుకున్నాను. తల ఎత్తాక తెలిసింది, నవ్వు. "ఇరవైమంది మనుషులు, ఒక్క మనసు. మోయెలాంగీ, లోపమే లేని ఇలాంటి ఊరు నా ముప్పైయేళ్ళ ఉద్యోగంలో చూడలేదు" అన్నారు. అవి పనికిరావు అమ్మమ్మా. ఊరు అక్కర్లేదు, ఒక్కొక్క మనిషి కావాలి.

కాని అసలు సంగతి అది కాదు. నీకు అబద్ధం చెప్పాను.

ముగింపు ఒక్కటే మిగలడం కాదు, మొదలు కూడా మిగిలింది. మధ్య కూడా. వ్యాసానికి పేరు మాత్రం రాశాను, నలభై ఒక్కసార్లు మార్చి రాశాను. ప్రశ్నల కాగితాలు నూరూ అక్షర క్రమంలో పెట్టాను, తర్వాత పుట్టినరోజు క్రమంలో పెట్టాను. లితియానా పెట్టెలు సర్దాను. పై గదివాళ్ళ పెట్టెలు కూడా సర్దాను. ఊలు స్వెట్టరు అల్లడం నేర్చుకున్నాను, ఫిజీలో! వాయిదా వేయడం గురించిన వ్యాసాన్ని వాయిదా వేస్తున్న పిల్లనని హాస్టల్ అంతా తెలిసిపోయింది. వంటాయన కూడా "ఎంతవరకు వచ్చిందమ్మా, రాలేదా?" అని వడ్డిస్తున్నాడు.

నేను సోమరిని కాదు. పొద్దున్నే లేచి టేబుల్ ముందు కూర్చుంటాను. కలం పట్టుకోగానే కడుపులో తిప్పుతుంది. నేను వెళ్ళిన రోజు రేవులో ఊరంతా నిలబడి పాట పాడారు, గుర్తుందా? ఒక వాక్యం రాస్తాను, ఆ పాట పాడినవాళ్ళంతా దాన్ని చదువుతున్నట్టు ఉంటుంది. కొట్టేస్తాను. చిన్నప్పటి నుంచి నాకు మంచి మార్కులే వచ్చాయి, అందుకే మరీ భయం. రాయకపోతే నాకు తెలివి లేదని ఎవరికీ తెలియదు కదా.

ఇంకా యాభై అయిదు రోజులు ఉన్నాయి. నాకు కుదరదు అమ్మమ్మా. పట్టా రాదు. నువ్వు నాలుగేళ్ళు కూర్చుని చాప పూర్తి చేశావు, నేను ఒక పేజీ పూర్తి చేయలేకపోయాను. ఆ చాప ఇంకెవరికైనా ఇచ్చెయ్యి. డిసెంబరులో నేను రాను.

ఎవరికీ చెప్పకు.

మోయెలాంగి

*

ఫాలెఫూనా
1996 అక్టోబరు 6, ఆదివారం

నా బంగారు తల్లి మోయెలాంగికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా చదువు పాస్టరు బడిలో మూడో తరగతి, అందుకని ఒక్కోసారికీ ఒక్కో పూట పట్టింది. మూడు పూటలూ ఏడ్చాను. తవీతా మామయ్య "ఎవరు పోయారే?" అని అడిగాడు. ఎవరూ పోలేదు, కంట్లో పొగ అన్నాను. పొయ్యి వెలిగించలేదని గమనించలేదు వాడు.

ఆరోగ్యాలు తర్వాత అడుగుతాను. ముందు ఇది చదువు.

మోయెలాంగీ, అంచుకు ఈకలు కుట్టడం ఒక్కటే మిగిలిందని రాశాను గదా. చాప నీ మోకాళ్ళ దగ్గర ఆగింది.

అర్థమయ్యేలా చెబుతాను. నీ బదులు తవీతాను పడుకోబెట్టి కొలిచాను. వాడి తల నుంచి మొదలుపెడితే చాప మోకాళ్ళ దాకా వచ్చింది, కిందికి లేదు. "ఏమిటిది, పిల్ల కాళ్ళు ముడుచుకుని పట్టా తీసుకుంటుందా?" అన్నాడు. వాడి నోరు మూయించడానికి పందికాలు పెట్టాల్సి వచ్చింది. రెండేళ్ళ నుంచి అది నా పరుపు కింద ఉంది. పొద్దున ఒక జానెడు అల్లుతాను. సాయంత్రం చూస్తే ఎక్కడో ఒక ఆకు పక్కకి జరిగినట్టు ఉంటుంది. విప్పుతాను. విప్పితే ఆ పక్కది కూడా అనుమానంగా కనిపిస్తుంది. దాన్నీ విప్పుతాను. ఒక్కోరోజు అల్లినదానికంటే విప్పింది ఎక్కువ. పూర్తయితే లానువోలా దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తుంది, బొటనవేలితో తడుముతుంది. పూర్తి కానంతసేపూ అది ఈ దీవిలోకెల్లా మంచి చాప.

కాబట్టి నువ్వు రాసిన ఆ కడుపులో తిప్పడం నాకు తెలుసు. అది నా దగ్గర్నుంచే వచ్చి ఉంటుంది. తొమ్మిదో పందిపిల్లకు వచ్చినట్టే నీకూ వచ్చింది. క్షమించు తల్లీ.

ఇప్పుడు ఇంకొకటి ఆలోచించాను, నీ మేడమ్‌కు పనికొస్తుందేమో చూడు. సులుఫైంగా కూడా వాయిదా వేస్తుంది. కాని అది పని మరిచిపోయి ఆపుతుంది, హాయిగా గురక పెడుతుంది. నేను పనిని ఒక్క నిమిషం కూడా మరిచిపోలేక ఆపుతాను. ఆకులు పక్కన పెట్టి ఇల్లు ఊడుస్తాను, ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడుస్తాను, ఊడుస్తున్నంతసేపూ నా కళ్ళు పరుపు మీదే. చూసేవాళ్ళకు ఇద్దరం ఒకటే, ఇద్దరి పనీ వెనకబడింది. కాని ఆమెను లేపితే చాలు. నన్ను లేపాల్సిన పని లేదు, నేను కునుకు తీస్తే గదా! నాకు కావలసింది వేరే. ఏమిటో నాకు తెలియదు. మూడో తరగతి వరకే చదివాను.

నా కాగితం ఇరవై ఒకటోది అనుకో. వాయిదా, అయిదు. కడుపులో తిప్పడం, అయిదు. భయం, అయిదు కంటే పెద్ద అంకె లేదు కాబట్టి అయిదు. పూర్తి చేయడం, ఒకటి. ముద్ర లేదు. సంతకం నాది.

రేపు సోమవారం. ఈ ఉత్తరం పొద్దున పడవకు పంపి, అట్నుంచి అటే చాప తీసుకుని సావిడికి వెళతాను, అందరికీ చూపిస్తాను. ఉత్తరం ముందు పడేస్తే ఇక వెనక్కి తీసుకోలేను గదా, అందుకు. నువ్వు కూడా అలాంటిదేదో ఒకటి చెయ్యి. ఇంకో మాట, ఈ రోజు నుంచి నేను విప్పను. నువ్వు కొట్టేయకు. వంకర వస్తే వంకరే.



మీ అమ్మమ్మ

*

సువా
1996 అక్టోబరు 15

అమ్మమ్మా, అమ్మమ్మా,

మోకాళ్ళ దాకానా! నాలుగేళ్ళుగా ఆ చాప తలచుకుని నేను సిగ్గుపడి చస్తున్నాను, నువ్వేమో దాన్ని పరుపు కింద పెట్టి దాని మీద పడుకున్నావా! అంత నవ్వి ఎన్ని నెలలయిందో. లితియానా దగ్గు కూడా ఆపి చూసింది.

నవ్వు ఆగకముందే కూర్చుని ఒక పేజీ రాశాను. ఘోరంగా ఉంది. ఒకే మాట ఆరుసార్లు వచ్చింది. కొట్టేయాలని చెయ్యి లేచింది, నువ్వు చెప్పినట్టు ఆ కాగితం తీసుకుని పరుగెత్తి మేడమ్ బల్ల మీద పడేసి వచ్చాను. వెనక్కి తీసుకోలేను కదా. సాయంత్రం మేడమ్ పిలిచారు. "ఇది బాగాలేదు" అన్నారు. నేను చచ్చిపోలేదు అమ్మమ్మా. "రేపు ఇంకొకటి తీసుకురా, ఇది కూడా బాగాలేకపోతే మంచిది, పుస్తకం పెరుగుతుంది" అన్నారు. ఇప్పటికి నాలుగు పేజీలు.

నీ ఉత్తరంలో సులుఫైంగా గురించి రాసింది ఆమెకు చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నారు. నా నూరు కాగితాలనూ అప్పటిదాకా ఒకే కుప్పగా చూస్తున్నాను. నువ్వు చెప్పినట్టు రెండు కుప్పలు చేశాను, మరిచిపోయి ఆపేవాళ్ళు, మరిచిపోలేక ఆపేవాళ్ళు. రెండు కుప్పలకూ మార్కులు పోయాయి, కాని రెండో కుప్పలో బెంగ రెట్టింపు. వాళ్ళను తిడితే ఇంకా ఆపేస్తారు! నీ మాట వ్యాసంలో మొదటి పేజీలో పెట్టమన్నారు మేడమ్. పేరు వేయమన్నారు. వేయనా?

లితియానా రోజూ తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని ఉడికించిన కర్రపెండలం తింటూ కూర్చుంటోంది. నేను ఇస్త్రీపెట్టె వైపు చూస్తే దగ్గుతుంది.

ఇరవై కొత్త కాగితాలు, ఇరవై కవర్లు పంపుతున్నాను. పేర్లు వద్దు. ముద్ర వద్దు. రిబ్బను అసలే వద్దు. ఎవరిది వాళ్ళు నింపి, ఎవరిది వాళ్ళు అంటించాలి. నవంబరు మొదటి వారంలోగా చేరాలి.

సోమవారం సావిడిలో ఏమయింది? త్వరగా రాయి, వాయిదా వేయకు.

నీ మోయెలాంగి

*

ఫాలెఫూనా
1996 అక్టోబరు 27, ఆదివారం

చిరంజీవి మోయెలాంగికి అమ్మమ్మ రాసేది.

పేరు వేయకు. వేసినా చిన్న అక్షరాలతో వెయ్యి. వేయకపోతే కూడా బాగుండదేమో. నువ్వే చూడు.

సోమవారం సంగతి చెబుతాను. చాప చంకలో పెట్టుకుని బయల్దేరాను. దారిలో మూడుసార్లు వెనక్కి తిరిగాను. మూడోసారి తవీతా గుమ్మంలో నిలబడి, "ఇంట్లోకి రానివ్వను, పో" అన్నాడు, కర్ర పట్టుకుని. ఆ కర్ర వాడి కాలికే అనుకో.

సావిడిలో చాప పరిచాను. లానువోలా కళ్ళజోడు పెట్టుకుంది. ఈ చివర చూసింది, ఆ చివర చూసింది.

"మిగతాది ఏదే?" అంది.

"ఇంతే."

"ఇంతేనా?"

"రెండేళ్ళ నుంచి ఇంతే. మీ అందరికీ అబద్ధం చెప్పాను" అని కళ్ళు మూసుకున్నాను.

లానువోలా లేచి వెళ్ళిపోయింది. అయిపోయింది, కమిటీలోంచి తీసేశారు అనుకున్నాను. కాసేపటికి తిరిగి వచ్చింది, చంకలో ఒక చుట్ట. విప్పి నా చాప పక్కన పరిచింది. నడుము దాకా వచ్చి ఆగింది. "మా పెద్దకోడలి కోసం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆమె కూతురికి పెళ్ళి కుదిరింది" అంది, ఎవరి మొహమూ చూడకుండా. పాస్టరమ్మ కూడా వెళ్ళి తెచ్చింది. ఆమెది భుజాలు కూడా దాటలేదు. భోజనాల వేళకు సావిడిలో పదకొండు సగం చాపలు, మోయెలాంగీ! ఊళ్ళో ప్రతి పరుపు కిందా ఒకటి. పూర్తయిన చాప ఉన్నది ఒక్క సులుఫైంగాకే. దాని సందుల్లోంచి ఎండ్రకాయ దూరుతుంది, కాని అంచు నుంచి అంచు దాకా ఉంది. "నేను ముందే చెప్పానుగా, అయిదు వేయమని" అంది.

సావిడిలో ఒక పాత పద్ధతి ఉంది, నీకు తెలుసు. వెనకబడిన మనిషికి ఎదురుగా ఇంకొకరు కూర్చుంటారు. సాయం చేయరు, తిట్టరు, లేవనివ్వరు. అంతే. ఇంట్లో దాక్కుని అల్లబట్టి నాకు అది దక్కకుండా పోయింది. ఇప్పుడు నా ఎదురుగా సులుఫైంగాను వేశారు. కూర్చున్న పది నిమిషాలకే నిద్రపోయింది. కాని దారికి అడ్డంగా నిద్రపోయింది, దాన్ని దాటుకుని ఇల్లు ఊడవడానికి వెళ్ళడం నావల్ల కాదు. అల్లుతూ కూర్చున్నాను. ఈ రోజుకు చాప పిక్కల దగ్గరికి వచ్చింది. మోకాళ్ళ దగ్గర ఒక వరస వంకర పోయింది. నాకు తెలుసు. అక్కడికి నా చెయ్యి రోజుకు ఇరవైసార్లు వెళ్ళి వెనక్కి వస్తోంది. విప్పలేదు.

నీ కొత్త కాగితాలు మొన్న వచ్చాయి. ఈసారి కమిటీ ఒక్కటే తీర్మానం చేసింది, ఎవరూ ఎవరి కాగితమూ చూడకూడదని. ఇరవైమందిమీ సావిడిలో ఒకరికొకరం వీపులు పెట్టి గోడలవైపు తిరిగి కూర్చున్నాం, బడిలో శిక్ష పడినట్టు. లానువోలా మాత్రం సీమపనస చెట్టు కిందికి పోయి గొడుగు అడ్డం పెట్టుకుంది. పాస్టరమ్మ కాసేపు రాసి, కాసేపు ప్రార్థన చేసి, మళ్ళీ రాసింది. ఎవరికో ముక్కు చీదిన చప్పుడు వినిపించింది, ఎవరో చూడలేదు. ఒక్కరోజులో అయిపోయింది! వాయిదా లేదు.

ఈకల సంగతి. అంచుకు ఎర్ర ఈకలు కావాలి. తెల్లపుంజు తోక ఎర్రరంగులో ముంచుదామని తవీతా పట్టుకున్నాడు. అది తప్పించుకుని, సగం ఎర్రగా, సగం బోడిగా, పాస్టరు గారి ప్రసంగం మధ్యలో చర్చిలోకి వచ్చింది. పిల్లలు దెయ్యమని అరిచారు. అందుకని ఈకలు నువ్వే సువా నుంచి తీసుకురా. పూర్వం ఎర్ర ఈకలు మనకు ఫిజీ నుంచే వచ్చేవట.

అన్నట్టు, తీసుకురా అని రాశాను. వస్తావుగా?

మీ అమ్మమ్మ

*

సువా
1996 నవంబరు 27

ప్రియమైన అమ్మమ్మకు,

ముందు ఆరోగ్యాలు, లేకపోతే నువ్వు మిగతాది సరిగ్గా చదవవు. నేను బాగున్నాను, పన్ను పీకించాను, అవును, దాన్ని కూడా రెండేళ్ళుగా వాయిదా వేశాను. లితియానా దగ్గు తగ్గింది. గేటు ముసలాయనకు కళ్ళజోడు వచ్చింది, నేను ఆడపిల్లనని చూసి క్షమాపణ అడిగాడు.

నవంబరు పదిహేను సాయంత్రం నాలుగూ నలభైకి వ్యాసం ఇచ్చాను. అరవై రెండు పేజీలు. ఇరవై నిమిషాలు ముందు! ఆ ఇరవై నిమిషాలూ ఏం చేయాలో తెలియక ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. యాభై ఏడో పేజీలో ఒక తప్పు ఉంది, ఇచ్చాక గుర్తొచ్చింది. పరుగెత్తి వెళ్ళి తెచ్చుకోబోతే లితియానా మెట్ల మీద అడ్డంగా పడుకుంది.

నిన్న మార్కులు వచ్చాయి. 'బి' వచ్చింది. 'ఎ' కాదు. మొదట కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అలవాటు. తర్వాత మేడమ్ రాసింది చదివాను. "అక్కడక్కడ వంకరగా ఉంది. నిజాయితీగా ఉంది. అన్నిటికంటే ముఖ్యం, ఉంది." మన ఊరి రెండో విడత కాగితాలు చూసి ఆమె ఈసారి నవ్వలేదు. ఒక కాగితంలో మాత్రం అన్నిటికీ అయిదు వేసి, కింద 'నిద్ర వస్తోంది' అని రాసి ఉంది. పేరు లేకపోయినా ఎవరిదో తెలిసిపోయింది.

పట్టా డిసెంబరు ఆరున ఇస్తారు. ఈకలు కొన్నాను, నిప్పులా ఉన్నాయి. నీ పేరు పెద్ద అక్షరాలతోనే వేశాను.

ఎప్పుడు రానూ? నువ్వు చెప్పిన రోజుకు వస్తాను.

నీ మోయెలాంగి

*

ఫాలెఫూనా
1996 డిసెంబరు 5

నా బంగారు తల్లి మోయెలాంగికి అమ్మమ్మ ఫువాటీనో రాసేది.

'బి' అంటే ఏమిటని పాస్టరమ్మను అడిగాను. మంచిదేనంది. ఎంత మంచిదని అడిగాను. "ఫువాటీనో, ఊరుకో" అంది. ఊరుకున్నాను. తర్వాత ఇంటి వెనక్కి పోయి నవ్వుకున్నాను, తొమ్మిదో పందిపిల్ల పారిపోలేదు.

చాప పాదాల దాకా వచ్చింది. కాలివేళ్ళు కూడా దాటింది, ఎందుకైనా మంచిదని. లానువోలా వెలుతురుకు ఎత్తి పట్టుకుంది, బొటనవేలితో తడిమింది, మోకాళ్ళ దగ్గర ఆ వంకర వరస మీద వేలు ఆగింది. నా ప్రాణం కూడా ఆగింది. "ఇక్కడేమయింది?" అంది. "ఇక్కడే మొదలుపెట్టాను, మళ్ళీ" అన్నాను. లానువోలా చాప మడిచి నా ఒళ్ళో పెట్టి, వెళ్ళి తన నడుము దాకా చాప ముందు కూర్చుంది. ఆమె ఎదురుగా నన్ను వేశారు. నేను నిద్రపోవడం లేదు గాని, నా దిగులు మొహం చూడలేక త్వరత్వరగా అల్లుతోంది.

నువ్వు వచ్చే రోజు గురించి కమిటీ కూర్చుంది. పధ్నాలుగు అన్నారు. పధ్నాలుగున పడవ నిండుగా ఉంటుందేమో, సముద్రం ఎలా ఉంటుందో, తవీతా బొటనవేలు తగ్గాక అయితే నయం గదా, పుంజుకు తోక మొలిచాక అయితే ఇంకా నయం అన్నాను. సరే, ఇరవై ఒకటి అన్నారు. ఇరవై ఒకటిన వాన రావచ్చు, వానలో చాప ఊరేగిస్తే ఈకలు తడుస్తాయి, జనవరి అయితే అని నేను ఇంకా అంటూ ఉండగానే సులుఫైంగా, పడుకునే ఉండి, "వాన వస్తే తడుద్దాం" అంది. ఆమె జీవితంలో ఒక పని వెంటనే తేల్చడం అదే మొదలు. లానువోలా పలక మీద తేదీ రాసి, నా చేతికి అందకుండా పైన వేలాడదీసింది.

ఈకలు నీ బ్యాగులో కాదు, చేతిలో పట్టుకురా. రేవులో దిగగానే అక్కడే కూర్చుని ఇద్దరం అంచు కుట్టుకుందాం, కుట్టేది పూర్తయ్యేదాకా ఊరంతా మన చుట్టూ అడ్డంగా కూర్చుంటుందట.

డిసెంబరు ఇరవై ఒకటి, శనివారం, పొద్దున పడవ.

మీ అమ్మమ్మ
ఫువాటీనో